గుండె కొట్టుకుంటోంది సరే, రక్తం సంగతేంటి?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

"గుండె 144 కొట్టుకుంటోంది, బిడ్డ బాగుందమ్మా, పోయిరా." పొట్ట మీద చేతి డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న పరికరం) పెట్టి చెప్పే ఈ మాటతోనే మా పేచీ. నిమిషానికి 110 నుంచి 160 వరకూ మామూలే. కానీ మాయ (ప్లాసెంటా) దెబ్బతిని ఎదుగుదల ఆగిన బిడ్డ గుండె కూడా చాలా రోజులు అదే లెక్కలో కొట్టుకుంటుంది.

మాయలోని సన్న రక్తనాళాలు మూసుకుపోయేకొద్దీ బొడ్డుతాడు ధమనిలో రక్తానికి అడ్డు పెరుగుతుంది. స్కానింగ్‌లో రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ తెర మీద అలలు రంపపు పళ్లలా కనిపిస్తాయి. పన్నుకూ పన్నుకూ మధ్య పల్లం కింది గీతను తాకితే డయాస్టోల్ (గుండె సడలే దశ) చివర్లో ప్రవాహం లేనట్టు. గీత కిందికి దిగితే రక్తం వెనక్కి మళ్లినట్టు. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను బిడ్డ మెదడుకు పంపుకుంటుంది, అక్కడి ధమనిలో పీఐ (పల్సటిలిటీ ఇండెక్స్, రక్తానికి ఎంత అడ్డుందో సూచించే అంకె) తగ్గుతుంది. బిడ్డ గుండె వైపు రక్తం చేర్చే సన్న సిర డక్టస్ వీనోసస్‌లో ఏ-వేవ్ (గుండె పై గదులు ముడుచుకున్నప్పటి అల) పోవడం, సీటీజీ (బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీసే పరీక్ష) గీత చదునుగా సాగడం చివరి మెట్లు. 32 వారాలు దాటాక ఇంకో తిరకాసు ఉంది: బొడ్డుతాడు అలలు బాగానే ఉండి, తేడా మెదడు ధమనిలోనే దొరకొచ్చు.

కర్నూలు పడమటి మండలాల్లో దీనికి సుగ్గి (కూలి పనులకు వలస పోవడం) తోడవుతుంది. ఆలూరు, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు పోయినామెకు మూడో నెల స్కాన్ తప్పిపోతుంది. తిరిగొచ్చాక 32 వారాలని చెప్పి పొట్ట ఎత్తుకు టేపు పెడితే 28 సెంటీమీటర్లే. బిడ్డ చిన్నదా, నెలల లెక్కే తప్పా? రెండు వారాల ఎడంతో మళ్లీ స్కాన్ చేస్తేగానీ తేలదు. డాప్లర్ మాత్రం అన్నాళ్లు ఆగకూడదు, ఆ రోజే చూడాలి.

రిపోర్టులో "డాప్లర్ నార్మల్" అన్న రెండు ముక్కలు చాలవు. బొడ్డుతాడు పీఐ, మెదడు ధమని పీఐ అంకెల్లో రాయాలి, అలల ప్రింటు జతచేయాలి, ఆ క్షణాన గుండె వేగమెంతో పక్కనే ఉండాలి. గుండె నెమ్మదిస్తే డయాస్టోల్ సాగుతుంది, పల్లం లోతవుతుంది, పీఐ పెరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు మాయను నిందించడం తప్పు. వాల్ ఫిల్టర్ (నెమ్మదైన ప్రవాహాన్ని తెర మీద కనపడకుండా చేసే సెట్టింగు) ఎక్కువ పెట్టినా ఉన్న ప్రవాహం లేనట్టే కనిపిస్తుంది. బిడ్డ కదులుతున్నప్పుడో ఎక్కిళ్లు పడుతున్నప్పుడో తీసిన కొలత పనికిరాదు. ఉమ్మనీటిలో తేలే బొడ్డుతాడు ముక్క మీద, రక్త ప్రవాహానికి డాప్లర్ కిరణం కోణం 30 డిగ్రీల లోపు ఉంచి, ఒకేలాంటి మూడు అలలైనా రావాలి. క్యూ పొడుగ్గా ఉన్న రోజు ముందు కొండెక్కేది ఈ ఓపికే. సీటీజీ కూడా అంతే: బిడ్డ నిద్రలో ఉంటే గీత చదునుగానే ఉంటుంది, 20 నిమిషాలకే ఆపేయకుండా 40 వరకూ చూడాలి.

ప్రవాహం లేదని తేలి, 34 వారాలు నిండకపోతే, ఆదోని నుంచి కర్నూలుకు బండి ఎక్కించే ముందే డాక్టరు చెప్పి, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదిగేందుకు ఇచ్చే డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల మొదటి ఇంజెక్షన్ వేయించాలి. తర్వాత 12 గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు. కర్నూలులో నవజాత శిశు విభాగానికి ముందే ఫోన్ వెళ్లాలి.

ఒక భయం మీరే తీర్చగలరు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద మిషన్‌కు సీలు పడుతుందేమోనని కొందరు డాప్లర్ జోలికే పోరు. బిడ్డ ఎదుగుదల, డాప్లర్ పరీక్ష రెండూ ఆ చట్టం కింద ప్రతి గర్భిణి స్కాన్‌కూ నింపే ఫారం-ఎఫ్‌లోని అనుమతించిన కారణాల జాబితాలోనే ఉన్నాయి. ఈ సంగతి స్పష్టంగా రాసి, పై అంకెలకు గడులు గీసిన ఒక్క పేజీ రిపోర్టు నమూనా జతచేసి, ప్రతి స్కానింగ్ గదికీ సర్క్యులర్ పంపించండి.

ఇట్లు,
ప్రసూతి, స్కానింగ్ పనిలో ఉన్న కొందరం,
కర్నూలు