ఐసీయూలో చేరబోతున్న కిరణ్‌కి

ఒరేయ్ కిరణ్,

ఐసీయూ డ్యూటీ పడిందని, వెంటిలేటర్ సెట్టింగులంటే టెన్షన్‌గా ఉందని రాశావు. అవి చేస్తూ ఉంటే వచ్చేస్తాయి రా. ఊపిరి అందక పేషెంట్ దిగజారిపోతుంటే ముందే పసిగట్టడం, అదే అసలు కష్టం.

ముందు శ్వాసలు లెక్కపెట్టు. నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 25 దాటితే ఆ మంచం వదలకు, 30 దాటితే సీనియర్‌ని పిలు. ఏ చార్టు చూసినా లెక్కపెట్టకుండానే అందరికీ 18, 20 అని రాసి ఉంటుంది. చూస్తే బాధేస్తుంది. బీపీ పడిపోకముందే చాలామందిలో శ్వాస వేగం పెరుగుతుంది మరి. మానిటర్ అంకె మీద ఆధారపడకు, పేషెంట్ కదిలినా దగ్గినా అది తప్పు చూపిస్తుంది.

శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97 ఉందని కూడా నిశ్చింతగా ఉండకు. ఆక్సిజన్ పెట్టిన మనిషిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే ఉంటుంది. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి, ఊపిరిని మందగింపజేసే నొప్పి మందులు ఇచ్చినవాళ్ళలో మరీను. పిలిస్తే కళ్ళు తెరిచి వెంటనే మగతలోకి జారిపోతుంటే ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) పంపించు.

నాకు అన్నిటికంటే భయం వేసేది ఇది. మెడ కండరాలు బిగబట్టి, మాట మాటకీ ఆగుతూ గంటల తరబడి ఎగశ్వాస తీసిన మనిషి ఉన్నట్టుండి నెమ్మదిస్తాడు. 38 ఉన్న శ్వాస 16కి వస్తుంది. ఇంటివాళ్ళు కుదుటపడ్డాడని సంతోషపడతారు. అప్పుడు ముఖం చూడు. నిజంగా తేరుకున్నవాడు మాట్లాడతాడు, మంచినీళ్ళు అడుగుతాడు. అలసిపోయినవాడు చెమటలు కక్కుతూ చూపు నిలపలేడు, ఊపిరి తీసినప్పుడల్లా పొట్ట లోపలికి పోతుంటుంది. ఇక ఆలస్యం చేయకూడదు. ఉబ్బసంలో పిల్లికూతలు ఆగిపోయినా అంతే, గాలే ఆడకపోతే శబ్దమెక్కడిది? అలాంటివాడికి ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 40 వస్తే నార్మల్ అనుకోకు. అంత వేగంగా ఊపిరి తీసేవాడిలో అది తక్కువ ఉండాలి.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి శాచురేషన్ హఠాత్తుగా పడిపోతే మెషీన్ తీసేసి 100 శాతం ఆక్సిజన్‌తో బ్యాగ్ చెయ్యి, అంటే చేత్తో బ్యాగ్ నొక్కి ఊపిరి ఇవ్వు. ట్యూబ్ జారిందా, కఫం అడ్డుపడిందా, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చిందా, మెషీనే మొరాయించిందా చూసుకో. క్యాప్నోగ్రఫీ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపే మానిటర్) గీత చదునైతే ట్యూబ్ శ్వాసనాళంలో లేదనే లెక్క. ఒకవైపు గాలి వినపడక, బీపీ కూడా పడిపోతుంటే ఎక్స్‌రే కోసం ఆగొద్దు, సీనియర్‌ని కేకేసి ఆ గాలి తీసే సూది సిద్ధం చెయ్యి.

ఇంకొకటి రా. "ఈయన ఎందుకో తేడాగా ఉన్నాడు డాక్టర్" అని సిస్టర్ అంటే, అంకెలన్నీ బాగున్నా సరే, లేచి వెళ్ళి చూడు.

నీ
శ్రీను