మధ్యలో మనిషి ఎందుకంటావేంట్రా

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. నేపాల్ నుంచి ఉన్ని ఫెల్ట్ (ఉన్నిని తడిపి ఒత్తి చేసే మందపాటి గుడ్డ) వస్తువులు తెప్పించి హైదరాబాద్‌లో అమ్ముదామనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ఫోన్లో మాట్లాడదామంటే ఇద్దరికీ టైము కుదరదు, పైగా ఇది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి. అందుకే రాస్తున్నా. నువ్వు రాసిన ఒక్క మాట దగ్గర నాకు గట్టిగా అభ్యంతరం ఉంది. "వీడియో కాల్ ఉంది, డబ్బు పంపడానికి యాప్ ఉంది, మధ్యలో ఇంకో మనిషి ఎందుకు? ఆ డబ్బు కూడా పనివాళ్ళకే ఇద్దాం" అన్నావు. నీ ఉద్దేశం మంచిదేరా. కానీ ఆ మధ్యలో మనిషే లేకపోతే మా బుట్టల పని ఒక్క సీజన్ కూడా నడిచేది కాదు.

మేం తెప్పించేవి బొల్గా బుట్టలని నీకు తెలుసుగా. ఘనా దేశానికి ఉత్తరపు కొసన, బుర్కినా ఫాసో సరిహద్దుకి దగ్గర్లో బొల్గటంగా అనే ఊరుంది, పొట్టిగా బొల్గా అంటారు. చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువగా ఆడవాళ్ళే అల్లుతారు. ఒక్కో గడ్డిపోచనీ పంటితో పట్టి నిలువునా చీలుస్తారు. ఆ చీలికల్ని మెలిపెట్టి గట్టిపరిచి, మరిగే రంగునీళ్ళలో ముంచి ఆరబెడతారు. అప్పుడు అడుగు నుంచి మొదలుపెట్టి పైకి అల్లుకుంటూ వస్తారు. మామూలు సైజు బుట్టకి రెండు మూడు రోజులు పడుతుంది. పిడికి తోలు చుట్టేవాళ్ళు వేరే. ఇంతా చేసి ఆ గడ్డి అక్కడ సరిపడా దొరకదు, దక్షిణాన కుమాసీ వైపు నుంచి లారీల్లో రావాలి. అంటే అల్లేవాళ్ళు ముందు గడ్డి కొనుక్కోవాలి. చేతిలో డబ్బు లేకపోతే వ్యాపారి దగ్గర అప్పుగా తెచ్చుకుంటారు. ఇక బుట్ట అతనికే, అతను చెప్పిన రేటుకే. చీరాలలో మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని మజూరీకి నేసేవాళ్ళ మధ్య పెరిగినవాడివి, నీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అందుకే ఫెయిర్ ట్రేడ్‌లో, అంటే తయారుచేసేవాళ్ళకి న్యాయమైన ధర దక్కాలని నడిపే వ్యాపారంలో, ఒక నియమం పెట్టారు. హస్తకళల ఆర్డరుకి, తయారుచేసేవాళ్ళు అడిగితే, కనీసం 50 శాతం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఇక్కడ ఆఫీసులో కూర్చుని అడ్వాన్సు పంపడం పెద్ద పనేం కాదు. అది ఎవరి చేతికి చేరింది, గడ్డి రేటు పెరిగితే సరిపోయిందా లేదా, ఇవన్నీ చూసేది ఆవిడే.

ఆవిడంటే బొల్గాలో మా తరఫున పనిచేసే ఆవిడ. పుట్టింది అక్కడి పల్లెలోనే, అల్లేవాళ్ళతో వాళ్ళ గురెనే భాషలోనే మాట్లాడుతుంది. బుట్టలు చెక్ చేసేటప్పుడు చూడాలిరా ఆవిడని! బుట్టని సిమెంటు నేల మీద పెట్టి అంచు మీద అరచేత్తో నొక్కుతుంది. ఊగిందా, పక్కన పెట్టేస్తుంది. లోపలికి చెయ్యి పోనిచ్చి చుట్టూ తడుముతుంది, గడ్డి కొసలు గుచ్చుకుంటే కత్తెర తీస్తుంది. పిడి పట్టుకుని ఒక్క గుంజు గుంజుతుంది. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. తడి వాసనొస్తే మళ్ళీ ఎండకే. తడితో ప్యాక్ చేస్తే ఓడలో బూజు పట్టిపోతుంది కదా. పక్కన పెట్టిన బుట్ట ఎవరిదో వాళ్ళని అందరి ముందూ అనకుండా, విడిగా పిలిచి చూపిస్తుంది. వీడియో కాల్‌లో ఇవన్నీ నువ్వెలా చేస్తావు చెప్పు?

ఆవిడ మాకు "కుదరదు" అని చెప్పగలదు, నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవించేది దాన్నే. అక్కడ వాన ఒక్కటే సీజను, సుమారుగా మే నుంచి అక్టోబరు దాకా. ఆ రోజుల్లో అల్లేవాళ్ళంతా సజ్జ, జొన్న, వేరుశెనగ పొలాల్లో ఉంటారు. ఇక్కడ క్రిస్మస్ అమ్మకాలకి సరుకు కావాలంటే సరిగ్గా అప్పుడే అల్లాలి. ఆడవాళ్ళని నేరుగా అడిగితే డబ్బు అవసరం కొద్దీ సరేనంటారు, రాత్రిళ్ళు కూర్చుని అల్లుతారు. ఆవిడ మాత్రం ఆర్డరు జనవరిలోనే ఇమ్మంటుంది, ఎండల్లో అల్లేసి వానల ముందు పంపిస్తామంటుంది. అలాగే ఇస్తున్నాం. సరుకు బొల్గా నుంచి టేమా రేవుకి దాదాపు 800 కిలోమీటర్లు లారీలో రావాలి, ఆ తర్వాత సముద్రం. అవన్నీ లెక్కేసుకునే చెబుతుంది.

2022 గుర్తుందా, ఘనాలో ధరలు మండిపోయిన ఏడాది? డిసెంబరుకి ద్రవ్యోల్బణం 54 శాతానికి చేరింది. వాళ్ళ కరెన్సీ సెడీ విలువ పడిపోతుంటే ముందు ఒప్పుకున్న రేటుతో ఏమొస్తుంది? ఆవిడ ఫోన్ చేసి, ఒప్పందం మధ్యలో ఉన్నా సరే, రేటు మార్చమని గట్టిగా అడిగింది. మార్చాం. అల్లేవాళ్ళలో ఒక్కరు కూడా మాకు ఫోన్ చేసి అలా అడిగేవాళ్ళు కాదు, ఆర్డరు పోతుందేమోనని భయం.

మరి దళారీకి, ఈవిడకి తేడా ఏంటంటావు. జీతం! మేం నెలజీతం ఇస్తాం, బుట్టకింత అని కమిషన్ కాదు. నాకు తెలిసిన ఓ దిగుమతిదారు కమిషన్ పద్ధతి పెట్టాడు. వాళ్ళ ప్రతినిధి సంఖ్య పెంచడం కోసం అల్లేవాళ్ళని తొందరపెట్టాడు, ఊగే బుట్టలు కూడా పాస్ చేసేశాడు, మంచి పనివాళ్ళు విసుగెత్తి మానేశారు. అతన్ని తప్పుపట్టలేను, పద్ధతే అలాంటిది. ఇంకోటి, మేం బుట్టకి ఎంతిస్తున్నామో కాగితం మీద రాసి అక్కడి షెడ్డులో అందరికీ కనపడేలా అంటిస్తాం. డబ్బు కూడా ఎవరి ఫోన్‌లోకి వాళ్ళకే మొబైల్ మనీగా వెళ్తుంది. రేటు దాచితేనే దళారీతనం మొదలవుతుంది. "మధ్యవర్తులు లేరు, నేరుగా కళాకారుల నుంచి" అని లేబుల్ మీద వేసుకునే షాపుల్ని చూస్తే నాకు నచ్చదు. ఆ సరుకు వెనక ఎండలో తిరిగిన మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు, ఆ మనిషిని లేనట్టు చేసి అమ్ముకుంటున్నారు.

ఇక నీ నేపాల్ సంగతి. కాఠ్మాండూలో చేసే ఫెల్ట్‌కి ఉన్ని చాలావరకు న్యూజిలాండ్ నుంచి వస్తుంది, కాబట్టి అక్కడా ముడిసరుకు డబ్బు ముందే కావాలి. రంగులు ఫోన్ స్క్రీన్ మీద చూసి ఖాయం చేసుకోకు. నీకు కావాల్సిన రంగు దారం ముక్కలు కొరియర్‌లో పంపు, ఒక జత నీ దగ్గర ఉంచుకో. మనకి దసరా వచ్చినప్పుడే వాళ్ళకి దశైన్, వర్క్‌షాపులు మూసేసి జనం ఊళ్ళకి వెళ్ళిపోతారు. దీపావళికి సరుకు చేతిలో ఉండాలంటే వేసవిలోనే ఆర్డరు పెట్టు. ముందు నువ్వే వెళ్ళు, ఆ ఆడవాళ్ళు ఎవరి మాట నమ్ముతారో కనుక్కో, ఆ మనిషికి జీతం ఎంతివ్వగలవో లెక్క వేసి నాకు పంపు. మా ఒప్పందం కాపీ నీకు మెయిల్ చేస్తాను, అందులో అడ్వాన్సు, రేటు సవరణ షరతులు చూసుకో.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. లెక్క మాత్రం ఈ వారంలోనే పంపరా.

నీ
రవి