సూరికి, ఎర్ర బీరు గురించి

ఘెంట్, బెల్జియం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో చెప్తుంటే "పులిసిపోయిన బీరు కోసం రైలెక్కి వెళ్ళావా" అని నవ్వావు. ట్రామ్‌లో ఉన్నాను, చుట్టూ గోల, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను, నువ్వూ ఓపిగ్గా చదువు.

శనివారం బ్రూజ్ వెళ్ళాను. ఇక్కడి నుంచి అరగంట కూడా పట్టదు. అక్కడ మేరీమాత పేరున్న పెద్ద చర్చిలో బర్గండీ మేరీ సమాధి ఉంది. బంగారు పూతతో ఆమె బొమ్మ పడుకోబెట్టి ఉంటుంది, పక్కనే తండ్రి సమాధి. తండ్రి 1477లో యుద్ధంలో పోతే, ఇరవై ఏళ్ళయినా నిండని పిల్ల ఈ రాజ్యమంతా నెత్తిన పెట్టుకుంది. 1482లో డేగతో వేటకి వెళ్ళి గుర్రం మీంచి పడి, పాతికేళ్ళకే పోయింది. ఆ సమాధి దగ్గర చాలాసేపు నిలబడిపోయాన్రా. నేను తాగిన బీరు సీసా మీద ఉన్నది ఆవిడే, చేతి మీద డేగతో. పేరు 'ద్యుషెస్ ద బుర్గోన్', అంటే బర్గండీ డచెస్, మన లెక్కలో రాణిగారు అన్నమాట. కాచేది విఖ్తె అనే చిన్న ఊళ్ళో, వెర్హాగె అనే కుటుంబం వాళ్ళు.

నిజానికి నిరుడే ఒకసారి కొన్నాను. ఫ్రిజ్‌లోంచి తీసి గడ్డకట్టినంత చల్లగా తాగితే వెనిగర్ తప్ప ఇంకేం తెలియలేదు. సగం సింక్‌లో పోశాను. ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటోంది.

ఈసారి బార్‌లో ఉన్న పెద్దావిడ సీసా వంచి నెమ్మదిగా గ్లాసులో పోసి, "ఐదు నిమిషాలు ఆగు" అంది. పది పన్నెండు డిగ్రీలకి వచ్చాక తాగాలట. ఆగాను. బెల్లం పాకం కాస్త ముదిరితే వస్తుందే, ఆ ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు వెనిగర్ ఘాటు, దాని వెనక ఎండు ద్రాక్ష, చెర్రీ. ఇంకా వెనక ఒక వాసన వచ్చింది సూరీ, నాకు బాగా తెలిసిన వాసన. మొలకెత్తించిన రాగులు ఎండబెట్టి అమ్మ మూకుట్లో వేయిస్తుంటే ఇల్లంతా కమ్ముకునేది చూడు, అదే. ఆలోచిస్తే వింతేం లేదు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజే కదా. మనకి రాగి, వీళ్ళకి బార్లీ. ఆ ఎర్ర రంగు కూడా ముఖ్యంగా మాల్ట్ ఇచ్చిందే.

గుక్క వేస్తే ముందు తీపి. నిండుగా, పాకంలా ఉండే మాల్ట్ తీపి. అది నాలుక మీద ఉండగానే పులుపు అందుకుంటుంది. మింగాక నేరేడు పండు తిన్నట్టు కాస్త వగరు మిగులుతుంది. అది ఓక్ చెక్కది. చేదు దాదాపు లేదు, బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు చాలా తక్కువ వేస్తారు. నాకు వెంటనే మీ ఇంట్లో తిన్న బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు గుర్తొచ్చింది. చింతపండు ఒక్కటే అయితే పళ్ళు జివ్వుమంటాయి, బెల్లం ఒక్కటే అయితే మొహం మొత్తుతుంది. ఆ పులుసుకి బెల్లం ఎంతో ఈ బీరుకి మాల్ట్ అంత.

పులుపు ఎలా వస్తుందో చెప్పాలి, నువ్వు నవ్వింది దానికే కాబట్టి. ముందు మామూలు బీరులాగే ఈస్ట్‌తో పులియబెడతారు. తర్వాత పెద్ద పెద్ద ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. పెరుగుని తోడుపెట్టే జాతి బాక్టీరియా అందులో చేరి పులుపు పుట్టిస్తుంది. చెక్కలోంచి కొంచెం కొంచెంగా గాలి దూరుతుంది, దానివల్ల వెనిగర్ పులుపూ కాస్త వస్తుంది. ఎక్కువైతే పీపా మొత్తం పాడే. అందుకని ముసలి బీరుని, పడుచు బీరుని రుచి చూసుకుంటూ కలుపుతారు. ద్యుషెస్‌లో ఎనిమిది నెలలదీ పద్దెనిమిది నెలలదీ కలుస్తాయి. ఆల్కహాల్ 6.2 శాతం. ఆ కలపడంలోనే పనితనమంతా ఉందని నాకనిపిస్తుంది. ఏ రెండు పీపాలూ ఒక్కలా ఉండవు కదా, ఎవరో ఒకరు నాలుకతో తేల్చాల్సిందే.

రూసెలారె ఊళ్ళో 1821 నుంచీ ఉన్న రోడెన్‌బాఖ్ వాళ్ళది ఈ రకంలో పెద్ద పేరు. వాళ్ళ దగ్గర అలాంటి నిలువు పీపాలు 294 ఉన్నాయి. బార్ ఆవిడకి ద్యుషెస్ మరీ తీపి, రోడెన్‌బాఖే అసలుదంది. వాళ్ళ 'గ్రాండ్ క్రూ' అనే బీరు కూడా తాగాను. అందులో మూడింట రెండొంతులు రెండేళ్ళ పాతది. పదునుగా, శుభ్రంగా ఉంది, కాదనను. కానీ మాల్ట్ వెనక్కి తగ్గిపోయింది. నా ఓటు రాణిగారికే.

పీపా గురించి ఒక మాట విన్నప్పటి నుంచీ మీ నాయనమ్మే కళ్ళముందు ఉంది. పీపా ఖాళీ అయినా ఆ సూక్ష్మజీవులు చెక్కలోనే ఉండిపోతాయట, తర్వాత పోసిన బీరుని అవే అందుకుంటాయి. అమలాపురంలో మీ వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. ఎండాకాలం పొద్దున్నే అందులోంచి అన్నం తీసి, ఉప్పూ పచ్చిమిరపకాయా నంజుకోమని పెట్టేది. రోజూ కొత్త గంజి పోసేదే గానీ కుండ మార్చనిచ్చేది కాదు. "ఆ కుండకి తెలుసురా" అనేది. మనం పట్టించుకోలేదు. ఆవిడ పోయాక ఆ కుండ ఏమైందో నాకు తెలియదు, నీకు తెలుసా?

రెండు సీసాలు తెచ్చాను, ఒకటి బీరువాలో నీకోసం దాచాను. మీరు వచ్చేసరికి ఇక్కడ నేనూ ఒక కుండ మొదలుపెట్టాలని ఉంది. మట్టికుండ దొరికింది. మీ అమ్మగారిని అడిగి వివరంగా రాయి. మొదటి రోజు గంజి వేడిగా పోయాలా, చల్లారాకా? దబ్బాకులు ఇక్కడ దొరకవు, నిమ్మాకు వేస్తే సరిపోతుందా? ఈ చలికి పులియడానికి ఎన్నాళ్ళు పట్టొచ్చు?

నీ
రాము