ఆ ఎమ్మారై సంగతేంటి చిన్నా

చిన్నా,

ఎలా ఉన్నావురా, ఇక్కడ అందరం బానే ఉన్నాం, నాన్న మోకాలు నొప్పి కాస్త తగ్గింది. ఊరికే రాస్తున్నా. పద్మ మాత్రం ఫోన్లో ఏదో అంది, నువ్వు వినపడని ఎడం చెవికి ఇంప్లాంట్ ఆపరేషన్ (చెవి లోపల పెట్టే వినికిడి పరికరం) అంటూ డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నావంట. నిలదీయడం కాదు, నువ్వే చెప్తావేమోనని చూస్తున్నా.

కిట్టూ కూతురు ఇల్లంతా దాగుడుమూతలే. నీ చిన్నప్పుడు కిట్టూ తలుపు వెనక నుంచి కూ అని అరిస్తే నువ్వు తిన్నగా వంటింట్లోకి పరిగెత్తేవాడివి, మళ్ళీ అరిస్తే మళ్ళీ అటే, వాడు పడీపడీ నవ్వితే నువ్వు ఏడుపు మొహం పెట్టేవాడివి. పెద్దత్త వీడికి ఆటలు రావంది కానీ నాకు అనుమానమొచ్చి, నువ్వు కుడి చెవి దిండుకి ఆనించి పడుకున్నప్పుడు పళ్ళెం కింద పడేసి చూశా, కదల్లేదు. ఇటు తిప్పి పడుకోబెట్టి పడేస్తే ఉలిక్కిపడి లేచావు. ఎడం చెవి పుట్టుకతోనే వినపడదని డాక్టర్లు అన్నారు. చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలియాలంటే రెండు చెవులకీ చేరినదాంట్లో తేడా మెదడు చూసుకోవాలి, ఒక్క చెవితో అది కుదరదు.

సరే ఆ ఆపరేషన్ మాటకొస్తే, ముందు ఎమ్మారైలో చెవి నరం ఉందో లేదో చూపించుకో. పుట్టుకతో ఇలా ఉన్నవాళ్ళలో కొందరికి ఆ నరం సన్నగా ఉంటుంది, కొందరికి అసలుండదు, అది లేకపోతే ఇంప్లాంట్ పెట్టినా మెదడుకి చేరే దారే లేదు. నరం ఉన్నా ఇన్నేళ్ళు అటు ఏమీ వినలేదు కదా, చిన్నపిల్లలకి పనిచేసినట్టు పెద్దయ్యాక పనిచేయదురా. అమెరికాలోనే ఒక్క చెవి వినపడని వాళ్ళకి ఈ ఇంప్లాంట్‌ని 2019లో గానీ ఒప్పుకోలేదు. క్రాస్ మెషీన్ పెట్టుకుని చూడు, ఎడం పక్క మైకు విన్నది కుడి చెవికి పంపుతుంది, కోత లేదు. ఎముక ద్వారా వినిపించేది కూడా హెడ్‌బ్యాండ్‌తో ట్రయల్ ఇస్తారు. దిక్కు తెలియకపోయినా ఎడం పక్క మనిషి మాట మాత్రం పోదు.

తిండి టైముకి తింటున్నావా? ఇయర్‌ఫోన్ సౌండ్ తగ్గించు, ఉన్నది ఒక్క చెవి. అందులో పుల్లలు పెట్టకు. ఎప్పుడైనా అది హఠాత్తుగా మందగిస్తే జలుబేలే అనుకోకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్ళు, ఆలస్యమైతే మందు సరిగా పనిచేయకపోవచ్చు. రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూడు, హారన్‌ని నమ్ముకోకు. చెప్పకూడదనుకుంటూనే చెప్తున్నా.

రిపోర్ట్ నాన్నకి వాట్సాప్ చెయ్యి. డాక్టర్ ఏ రోజు రమ్మన్నారో చెప్తే టికెట్లు చూస్తామంటున్నారు, నేనూ వస్తా.

అమ్మ