ట్రామ్ కొనే ముందు వీధిని కొలవండి

సంపాదకులు గారికి,

విశాఖ మెట్రో వార్తలు వచ్చినప్పుడల్లా ట్రామ్ మాట కూడా వినబడుతోంది. మెట్రోకి తోడుగా సుమారు 60 కిలోమీటర్ల ఆధునిక ట్రామ్ మార్గాలు వేయాలని కొన్నేళ్ల కిందట ప్రతిపాదించారు కూడా. ఆ ఆలోచన ఎప్పుడు ముందుకొచ్చినా చర్చంతా బండి ఎంత అందంగా ఉంటుంది, కిలోమీటరుకి ఎన్ని కోట్లవుతుంది అనే రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. అసలు పని వీధిలో ఉంది. పట్టా, తీగ, స్టాపు, డిపో సిద్ధం కాకముందే బండి వస్తే ఏమవుతుందో తెలియాలంటే కెనడాలోని టొరంటోని చూడాలి. పాత ట్రామ్‌లు తీసేసి కొత్తవి దించడానికి ఆ నగరానికి పదేళ్లు పైనే పట్టింది.

అక్కడ 1970ల చివర్లో, 80లలో తయారైన 248 పాత బండ్లుండేవి. అన్నిటికీ మెట్లే. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ఎక్కే వీలే లేదు. వాటి స్థానంలో 2009లో బొంబార్డియర్ కంపెనీకి 204 ఫ్లెక్సిటీ ట్రామ్‌లు ఆర్డరిచ్చారు. ఒక్కోటి 30 మీటర్ల పొడవు, అయిదు పెట్టెలు అతికినట్టుండి మలుపులో వంగుతుంది, లోపల ఎక్కడా మెట్టు లేదు. మొదటిది 2014 ఆగస్టు 31న స్పడైనా మార్గంలో తిరిగింది. 204వది చేరేసరికి 2020 జనవరి వచ్చింది.

ఇంత ఆలస్యానికి మూలం ఆర్డరు కంటే ముందే ఉంది. టొరంటో పట్టాల మధ్య దూరం 1,495 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువచోట్ల వాడే 1,435 కంటే 60 మిల్లీమీటర్లు ఎక్కువ. వందేళ్ల కిందటి వీధి మూలల్లో మలుపు వ్యాసార్థం 11 మీటర్లే. ఎత్తుపల్లాలు కొన్నిచోట్ల 8 శాతం. పట్టాలు చీలే చోట సాధారణంగా రెండు వైపులా కదిలే నాలుకలుంటాయి, అక్కడ ఒక వైపే ఉంటుంది. కింద చోటు తక్కువుండే మెట్లులేని ట్రామ్‌కి ఇవన్నీ కలిసి గండం. 2008లో మొదటి టెండరు ఈ కారణంతోనే రద్దయింది. టెండరులో చూపించిన బండి తమ మలుపుల్లో పట్టా తప్పుతుందని రవాణా సంస్థ తేల్చేసింది. తయారుగా ఉన్న మోడల్ ఏదీ సరిపోక, తమ వీధుల కోసమే విడిగా చేయించుకోవాల్సి వచ్చింది. విడిగా చేయించిన వస్తువుకి ధర ఎక్కువ, తయారీలో తప్పులూ ఎక్కువే.

విశాఖకి ఆ పాత బరువు లేదు. ఇక్కడ ఒక్క పట్టా కూడా వేయలేదు కాబట్టి 1,435 మిల్లీమీటర్లే పెట్టుకోవచ్చు. మలుపులు 25 మీటర్ల వ్యాసార్థానికి తగ్గకుండా చూసుకుంటే చాలా కంపెనీల మామూలు మోడళ్లు సరిపోతాయి, టెండరులో పోటీ ఉంటుంది. అయితే 25 మీటర్ల మలుపు అంటే ఇరుకు జంక్షన్‌లో మూలనున్న దుకాణం పోవాలి. ఆ భూసేకరణ ఖర్చు డీపీఆర్‌లో, అంటే ప్రాజెక్టు సవివర నివేదికలో, మొదటి రోజే కనబడాలి. తర్వాత బయటపడితే మలుపు కుదించి, ప్రత్యేకమైన బండి కోసం వెతుక్కుంటారు.

మలుపులో ఇంకో సంగతుంది. పట్టాలు ఒకటిన్నర మీటరు ఎడంలో ఉంటే, టొరంటో ట్రామ్ ఒళ్లు 2.54 మీటర్ల వెడల్పు. తిరిగేటప్పుడు పెట్టె మధ్య భాగం లోపలి మూల వైపు కోసుకుపోతుంది, చివర్లు బయటికి ఊగుతాయి. పట్టాకి బాగా దూరంగానే ఆపానని ఆటోవాలా అనుకుంటాడు, కానీ చక్రం దాటిపోయాక వెనక మూల వచ్చి అద్దాన్ని తాకుతుంది. బస్సయితే డ్రైవరు స్టీరింగు ఒక జానెడు తిప్పి తప్పించుకుంటాడు. ట్రామ్‌కి స్టీరింగే లేదు. ఒక్క బండి అడ్డంగా ఆగితే దాని వెనక లైనంతా నిలబడాల్సిందే.

కరెంటు తీగ దగ్గరా ఇదే కథ. పాత ట్రామ్‌ల మీద పొడవాటి ట్రాలీ పోల్ ఉండేది. దాని కొసనున్న గాడి తీగని పట్టుకుని జారుతుంది కాబట్టి తీగ పట్టాల వెంటే మెల్లగా వంపు తిరగాలి. కొత్త బండ్ల మీదుండే పాంటోగ్రాఫ్ అలా కాదు, బల్లపరుపు పట్టీతో తీగని కింద నుంచి రాస్తుంది. తీగ ఎప్పుడూ ఒకేచోట రాస్తే పట్టీలోని కార్బన్ అక్కడే గాడి పడుతుంది. అందుకే తీగని అటూ ఇటూ వంకరగా కట్టాలి. పాత కూడళ్లలో పోల్ కోసం బిగించిన ఇనుప ముక్కలకి పాంటోగ్రాఫ్ చిక్కుకుంటుంది. దాంతో టొరంటోలో కొత్త బండ్లని మొదట రెండు పరికరాలతోనూ దించి, తీగని లైను తర్వాత లైను మార్చుకుంటూ పోయారు. పాంటోగ్రాఫ్‌తో ప్రయాణికులు తిరగడం మొదలైంది 2017లో, అంటే మొదటి బండి దిగిన మూడేళ్లకి.

డిపో కూడా మారాలి. మెట్లులేని ట్రామ్‌లో నేల కింద చోటుండదు కాబట్టి చాలా సామాను కప్పు మీదికెక్కుతుంది. పాత షెడ్డులో బండి కింద గుంటలో దిగి రిపేరు చేసేవారు. ఇప్పుడు కప్పు ఎత్తులో నడిచే బాట, పైన క్రేను కావాలి, 30 మీటర్ల బండి విడదీయకుండా పట్టాలి. అందుకే టొరంటోలో వంద బండ్లు పట్టే లెస్లీ డిపోని కొత్తగా కట్టారు. అక్కడి బండ్లకి తలుపులు ఒకే వైపు, డ్రైవరు గది ఒకే కొసన ఉంటాయి. లైను చివర తిరగడానికి గుండ్రటి లూప్, దానికి స్థలం ఉండి తీరాలి. మన దగ్గర ఆ స్థలం దొరకని చోట రెండు కొసలా డ్రైవరు గది ఉన్న బండే మేలు.

తయారీ విషయానికొస్తే, మెక్సికోలో చేసిన భాగాలు కెనడాలో కూర్చేచోట కొలతలకి సరిపోలేదు. 2015 చివరికి 73 బండ్లు రావాల్సి ఉండగా పదిహేను దరిదాపుల్లోనే వచ్చాయి. నగరం 5 కోట్ల డాలర్ల పరిహారం అడిగింది. డబ్బు అడిగినంత మాత్రాన స్టాపులో నిలబడ్డవాళ్లకి బండి రాదు. ముసలి బండ్లకే మరమ్మతులు చేసుకుంటూ, కొన్ని లైన్లలో బస్సులు వేసి నెట్టుకొచ్చారు. 2018లో మరో దెబ్బ: అప్పటికే తిరుగుతున్న 67 బండ్ల చట్రాల్లో వెల్డింగు పూర్తిగా అతకలేదని తేలింది. వదిలేస్తే 30 ఏళ్లు మన్నాల్సినవి అంతకాలం నిలవవని, ఒక్కోదాన్ని వారాల తరబడి ఫ్యాక్టరీకి పంపించాల్సి వచ్చింది. మన ఒప్పందంలో ఆలస్యానికి జరిమానా ఒక్కటే రాస్తే చాలదు. మొదటి రెండు మూడు బండ్లు మన పట్టాల మీద నెలల పాటు తిరిగి, వెల్డింగు పరీక్షలు నెగ్గాకే మిగతావి మొదలుపెట్టాలన్న షరతు ఉండాలి. స్వతంత్ర తనిఖీదారు ఫ్యాక్టరీలోనే కూర్చోవాలి.

పెద్ద బండి వస్తే వేచి ఉండే సమయం పెరిగే ప్రమాదం ఉంది. 15 మీటర్ల బండి 4 నిమిషాలకొకటి నడిచే చోట 30 మీటర్లది దించి, సీట్ల లెక్క అదేగా అని 8 నిమిషాలకొకటి చేస్తే కాగితం మీద నష్టమేమీ కనబడదు. ఎండలో నిలబడ్డ మనిషికి కనబడుతుంది. ఎంత పెద్ద బండయినా ఇన్ని నిమిషాలకి మించి ఆలస్యం కాకూడదన్న మాట ముందే రాసుకోవాలి.

ఇక మనం గట్టిగా పట్టించుకోవాల్సింది టొరంటోలోని కింగ్ వీధి అనుభవం. కొత్త బండ్లు అక్కడ కార్ల వెనక నత్తనడక నడిచేవి. 2017 నవంబరులో బాథర్స్ట్ నుంచి జార్విస్ వరకు పార్కింగు తీసేసి, కార్లు నేరుగా పోకుండా చాలా కూడళ్లలో కుడికి తిరిగి తీరాలన్న నియమం పెట్టారు. స్టాపుల్ని సిగ్నలు దాటాక ఉండేలా జరిపారు. రోజుకి 72 వేలుండే ప్రయాణికులు 84 వేలయ్యారు. కొత్త పట్టా వేయలేదు, చేసింది దారి ఖాళీ చేయడమే. తర్వాత నిఘా తగ్గగానే కార్లు మళ్లీ దూరాయి. ప్రత్యేక వరస గీసినంత మాత్రాన అది ప్రత్యేకంగా ఉండదని బస్సులకి విడిగా వరస కేటాయించిన బీఆర్టీఎస్ చూసిన విశాఖ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మన వీధుల్లో ముందే చూసుకోవాల్సిన సమస్యలు ఇంకా ఉన్నాయి. రోడ్డు మట్టానికి పాతిన పట్టాలో చక్రం అంచు దిగడానికి మూడు నాలుగు సెంటీమీటర్ల గాడి ఉంటుంది. సైకిలు టైరు అందులో ఇరుక్కుంటుంది, స్కూటరు తడి పట్టా మీద జారుతుంది. టూవీలర్లు పట్టాని నిలువుగా దాటేలా కూడళ్లు గీయాలి. ఇసుక, చెత్త పేరుకుంటే ట్రామ్ చక్రమే పైకి లేచి పట్టా తప్పుతుంది. గాడి శుభ్రం చేసే బండి, నీళ్లు దిగే పెట్టెలు మొదటి బడ్జెట్లోనే ఉండాలి. సామాను కప్పు మీదున్నా మోటార్లు, గేర్లు చక్రాల దగ్గరే ఉంటాయి కాబట్టి మోకాలి లోతు నీళ్లు నిలిచే చోట వానాకాలం సర్వీసు ఆగిపోతుంది. కరెంటు తిరిగి వెళ్లేది పట్టా ద్వారానే. పట్టాకి రబ్బరు తొడుగు వేయకపోతే కరెంటు మట్టిలోకి పారి పక్కనున్న ఇనుప నీటి గొట్టాల్ని తినేస్తుంది. టొరంటోలో పట్టాలు మార్చేటప్పుడు వీలైనంత వరకు కిందనున్న పాత గొట్టాలు కూడా అప్పుడే మార్చేస్తారు. కాంక్రీటు వేసిన ఏడాదికి నీళ్ల శాఖ వచ్చి తవ్వే పద్ధతి ట్రామ్ లైనులో పనికిరాదు.

అధికారుల్ని కోరేది ఒకటే. టెండరు పిలవక ముందే, అనుకుంటున్న మార్గంలో బాగా ఇరుకైన జంక్షన్ ఒకటి ఎంచుకుని, ట్రామ్ ఒళ్లు ఊగే వెడల్పుతో సహా సున్నంతో రోడ్డు మీద గీయండి. వారం రోజులు కెమెరా పెట్టి, ఆ గీతల లోపల రోజుకి ఎన్ని ఆటోలు, తోపుడుబండ్లు, బైకులు ఎంతసేపు ఆగాయో లెక్క తీసి, ఆ లెక్కని డీపీఆర్‌తో కలిపి ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం