మైలేజీ తగ్గింది, ధర తగ్గలేదు: ఇంధన వ్యవహారాలు చూస్తున్న కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాస్తున్నాను. ఎథనాల్ కలిపిన పెట్రోలు గురించి ఇది నా నాలుగో అర్జీ. మొదటిది 2025 మే నెలలో రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. చేరినట్టు సంతకంతో రసీదు అట్ట తిరిగి వచ్చింది గానీ జవాబు రాలేదు. రెండోదానికి ఆ అట్ట కూడా రాలేదు. మూడోదాన్ని ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేస్తే, 17 రోజుల తరువాత అది విధానపరమైన అంశమనీ, ఫిర్యాదును ముగించామనీ ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, పదిమందీ చదివేలా ఈసారి బహిరంగంగా రాస్తున్నాను.

చెరకు, మక్కల వంటి పంటల నుంచి తీసే ఎథనాల్‌ను ఇరవై శాతం కలిపిన ఇ20 పెట్రోలు గురించి మీకు నేను వివరించేదేమీ లేదు. అది మా ఇంట్లో ఏం చేసిందో మాత్రం చెప్పుకోనివ్వండి.

మాది 2016లో తయారైన చిన్న పెట్రోలు కారు. ట్యాంకు నిండా పోయించిన ప్రతిసారీ మీటరు రీడింగు, లీటర్లు, రూపాయలు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టడం మా నాన్న గారి అలవాటు. ఆయన పోయాక ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. 2018, 2019 సంవత్సరాల్లో మా చెల్లెలి ఇంటికని హైదరాబాద్ పోయి వచ్చిన ప్రయాణాలన్నీ అందులో ఉన్నాయి. అప్పట్లో ఈ కారు లీటరుకు 17.5 కిలోమీటర్లు ఇచ్చేది. ఇప్పుడు అదే జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దారిలో, అదే వేగంతో వెళ్తే 16.4 దాటడం లేదు. బండి పాతబడిందని మీ అధికారులు అంటారేమో, అందులో కొంత నిజం ఉండవచ్చు, కాదనను. కానీ టైర్లలో గాలి ప్రతి ప్రయాణానికీ ముందు చూయిస్తున్నాను, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్పించాను, సర్వీసింగు ఒక్కసారి కూడా తప్పించలేదు. లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు కంటే ఎథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. అటువంటిది ఐదో వంతు కలిపినప్పుడు మైలేజీ ఎంత పడిపోవాలో పదో తరగతి పిల్లవాడు కూడా లెక్క కట్టగలడు, మా పుస్తకంలోని అంకెలు ఆ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి.

ఇప్పుడు ఆ కారు చుట్టపుచూపుకు పోవడం లేదు. మా అమ్మకు హైదరాబాద్‌లో కీమో వైద్యం జరుగుతోంది. నెలకు రెండుసార్లు తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, రాత్రికి తిరిగి వస్తాము. రైలులో తీసుకెళ్లమని చాలామంది సలహా ఇచ్చారు, మొదటి రెండుసార్లు అలాగే తీసుకెళ్లాను. మందు ఎక్కిన తరువాత కాజీపేట స్టేషన్‌లో వంతెన మెట్లు ఎక్కలేక ఆమె మధ్యలోనే కూలబడిపోయింది. ఆ రోజు నుంచి వెనుక సీటులో పడుకోబెట్టి కారులోనే తీసుకెళ్తున్నాను. ఎండాకాలంలో ఏసీ ఆపడానికి వీలులేదు, ఉప్పల్ దగ్గర రద్దీలో ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. పోను రాను 300 కిలోమీటర్లకు ఒకప్పుడు 17 లీటర్లు పట్టేది, ఇప్పుడు 18 లీటర్లు దాటుతోంది. లీటరు దాదాపు 107 రూపాయల చొప్పున ఒక్క ప్రయాణానికి అదనపు భారం 120 రూపాయలు, ఏడాదికి సుమారు 3,000. ఢిల్లీలో ఇది లెక్కలోకి రాని మొత్తం కావచ్చు. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే నాకు అది అమ్మ వాంతుల మాత్రలకు అయ్యే ఖర్చు. మాకు వచ్చిన ఈ కష్టానికి మీరు కారకులని నేను అనడం లేదు. ఉన్న కష్టం మీద ఈ బరువు కూడా ఎందుకని మాత్రమే అడుగుతున్నాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించింది మీరు ఇచ్చిన మాట. 2021 జూన్‌లో కేంద్రానికి విధాన సలహాలిచ్చే నీతి ఆయోగ్ వెలువరించిన ఎథనాల్ మార్గసూచీని నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను. పది శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో ఇ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని అందులోనే రాశారు. తగ్గే శక్తికి పరిహారంగా ఇటువంటి ఇంధనాన్ని మామూలు పెట్రోలు కంటే తక్కువ ధరకు అమ్మాలని కూడా అదే పత్రంలో ఉంది. ఆ మాట నమ్మి నాలుగేళ్లు ఎదురుచూశాము. 2025 ఆగస్టులో మీ శాఖ వివరణ ఇస్తూ, ఆనాడు ఎథనాల్ చవక గనుక అలా అనుకున్నామనీ, ఇప్పుడు సేకరణ ధర సగటున లీటరుకు 71.32 రూపాయలై శుద్ధిచేసిన పెట్రోలుకు పన్నులకు ముందు అయ్యే ఖర్చును మించిపోయిందనీ చెప్పింది. అయ్యా, అది చవకగా ఉన్న రోజుల్లో మా బంకులో ఒక్క రూపాయైనా తగ్గిందా? చవకైనప్పుడు తగ్గించక, ప్రియమైనప్పుడు తగ్గించలేక, మధ్యలో మా ట్యాంకులు మాత్రం మారిపోయాయి.

ఆ నెలలోనే మీ శాఖ ఇచ్చిన మరో వివరణలో, పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తరువాత మార్చుకోవలసి రావచ్చనీ, దానికి పెద్దగా ఖర్చు కాదనీ ఉంది. ఆ కాగితాన్ని హంటర్ రోడ్డులో మేము నమ్మే మెకానిక్‌కు చూపించాను. మా మోడలుకు ఏ భాగాలు మార్చాలో చెప్పే జాబితా ఏదీ తనకు అందలేదని ఆయన అన్నాడు. కారుతో వచ్చిన పుస్తకంలో పది శాతం దాటిన ఎథనాల్ వాడవద్దని అచ్చువేసి ఉంది. రేపు ఇంజన్‌కు ఏదైనా అయితే నేను కంపెనీ దగ్గరకు వెళ్లాలా, బంకు దగ్గరకు వెళ్లాలా, మీ దగ్గరకు రావాలా? అమ్మను పడుకోబెట్టుకొని చీకటిలో హైవే మీద పోతున్నప్పుడు ప్రతిసారీ ఈ ప్రశ్న నా మనసులో మెదులుతూనే ఉంటుంది.

రైతుకు మేలు జరుగుతుంటే అడ్డుపడేవాడిని కాను. మా బావ నర్సంపేట దగ్గర మక్కలు వేస్తాడు, గింజకు గిరాకీ పెరిగితే అతని కంటే ముందు నేనే సంతోషిస్తాను. అయితే ఆ మేలుకు అయ్యే ఖర్చును పాత కారున్న కుటుంబాల మీదనే ఎందుకు మోపుతున్నారు? కొత్త కారు కొనగలిగినవారికి ఇ20కి తగిన ఇంజన్ వస్తోంది, కొనలేనివారికి మాత్రం అందుబాటు ధరలో మరో పెట్రోలు కొనుక్కునే దారి కూడా లేదు. పన్ను సంగతి అడిగితే కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది, రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది. తెలంగాణలో 35.20 శాతం వ్యాట్ పడుతోంది, నా బండికి సరిపడని ఎథనాల్ మీద కూడా ఆ పన్ను కట్టే తీరుతున్నాను.

దయచేసి ధర తగ్గించండి. అది మీ ఒక్కరి చేతిలో లేదంటే, పట్టణానికి రెండు బంకుల్లోనైనా, ఒక్కో పంపులోనైనా పది శాతం మిశ్రమం ఉంచండి. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడింటికీ కలిపి ఒక్కచోట దొరికినా అక్కడికే వెళ్లి పోయించుకుంటాను. పాత మోడళ్లకు ఇ20తో వచ్చే మైలేజీ ఎంతో, మార్చవలసిన భాగాలేమిటో కంపెనీల చేత ప్రకటింపజేయండి. ఇవేవీ కుదరకపోతే ఎందుకు కుదరవో రెండు వాక్యాల్లో రాసి పంపండి. ధర తగ్గించమని మరోసారి వేడుకుంటున్నాను.

వచ్చే మంగళవారం అమ్మకు మళ్లీ కీమో ఉంది. సోమవారం సాయంత్రం ట్యాంకు నింపించి, తిరిగి వచ్చాక లెక్క రాస్తాను. ఆ పేజీ నకలుతో పాటు 2018 నాటి మా నాన్న గారి చేతిరాత పేజీ నకలు కూడా మీ కార్యాలయానికి పంపుతున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడమని ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు,
హనుమకొండ వాసి