జోన్ ఎర్డ్‌లీ పేరు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో బ్రిటన్ ఆధునిక చిత్రకారుల మీద వేసిన వ్యాసం బాగుంది. కానీ అందులో జోన్ ఎర్డ్‌లీ ఊసే లేదు. 1921లో పుట్టింది ఇంగ్లండులోనే అయినా స్కాట్లండు వాళ్లు ఆమెను తమ మనిషిగానే చెప్పుకుంటారు. గ్లాస్గో ఆర్ట్ స్కూల్లో చదివి, టౌన్‌హెడ్ అనే పేదల పేటలో స్టూడియో పెట్టుకుంది. రంగులూ, బొమ్మ నిలబెట్టే ఈజిలూ పాత చంటిపిల్లల బండిలో వేసుకుని సందులు తిరిగేది. అతుకుల స్వెట్టర్లు, మెల్లకన్ను పిల్లలు, సుద్దరాతల గోడలు... ఎవర్నీ ముస్తాబు చేయలేదు, జాలి పుట్టించాలనీ చూడలేదు.

తర్వాత క్యాటర్‌లైన్ అనే చేపలవాళ్ల ఊరు. తుఫానుకి జనం తలుపులేసుకుంటే ఈవిడ బోర్డు ఎత్తుకుని ఒడ్డుకు పోయేది. గాలికి ఎగిరిపోకుండా ఈజిల్‌ను తాళ్లతో కట్టేది. మా అమ్మాయి దగ్గరికి ఎడింబరా వెళ్లినప్పుడు ఆవిడ పొలాల బొమ్మ ఒకటి దగ్గరగా చూశాను. రంగులో అతుక్కుపోయిన గడ్డిపరకలు! డ్రాయింగ్ మాస్టారుగా, పిల్లలు అలా గీసుకొస్తే నేను ఎన్ని మార్కులు వేసేవాణ్ణో మరి.

1963లో రాయల్ స్కాటిష్ అకాడమీ పూర్తి సభ్యత్వం ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, 42 ఏళ్లకే. చితాభస్మం క్యాటర్‌లైన్ ఒడ్డునే చల్లారు.

మళ్లీ రాయిస్తే ఆమె సముద్రం బొమ్మ రంగుల్లో, కనీసం అరపేజీ వేయండి. తపాలా బిళ్లంత వేస్తే ఏమీ కనపడదు.

- విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, కాకినాడ